పేరు లేని బొమ్మ మన ప్రదర్శనలో ఉండొద్దు

(మన సముదాయ కళాకేంద్రంలో మూడు రోజుల శిల్ప, చేతిపనుల ప్రదర్శన మొదలయ్యే ముందు రోజు సాయంత్రం, వలంటీర్లుగా వచ్చిన యువతీయువకులతో మాట్లాడిన మాటల పాఠం ఇది. ఆ రోజు రాలేకపోయిన మీ కోసం, మీ ఊళ్లో ఇలాంటి పని పెట్టుకోబోతున్న మీ కోసం ఇక్కడ పెడుతున్నాం.)



పొద్దుటి నుంచి బల్లలు మోశారు, మూటలు దింపారు, గోడలకు తాళ్లు కట్టారు. అలసిపోయారని తెలుసు. అయినా ఒక అరగంట కూర్చోమని అడిగాను. రేపు తలుపులు తెరిచాక మనకు మాట్లాడుకునే టైం దొరకదు. వచ్చినోళ్లు అడుగుతుంటారు, మీరు చెప్తుండాలి. ఏం చెప్పాలి, ఏది అమ్మాలి, ఏది అమ్మకూడదు అనేది ఈ రాత్రే తేల్చుకోవాలి.

ముందు ఈ హాలు ఒకసారి చూడండి. ఆ మూల ఓజా కుటుంబాలు తెచ్చిన ఇత్తడి బొమ్మలు, గంటలు, దీపాలు ఉన్నాయి. ఈ పక్క కొలాం అక్కలు అల్లిన వెదురు బుట్టలు, చాటలు, తడకలు. వెనక గోడ దగ్గర పర్ధాన్, తోటి పెద్దలు తెచ్చిన కిక్రి, పెప్రె, డోలు. వీటన్నిటికీ కలిపి బయటోళ్లు పెట్టిన పేరు ఒకటే: ‘ట్రైబల్ క్రాఫ్ట్’. మనం కూడా అదే మాట వాడుతున్నాం. దాని దగ్గరే మొదలుపెడదాం.

మీరందరూ స్కూల్లో చరిత్ర పుస్తకం చదివారు. అందులో మొహెంజొదారోలో దొరికిన నాట్యం చేసే అమ్మాయి బొమ్మ ఉంటుంది. చేతి నిండా గాజులు, నడుం మీద చెయ్యి. 1926 తవ్వకాల్లో బయటపడింది, ఇప్పుడు ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉంది. పదిన్నర సెంటీమీటర్ల ఎత్తు, అంటే అరచేతిలో పట్టేంత. దాదాపు 4,500 ఏళ్ల కిందటిది. పుస్తకం దాన్ని ‘శిల్పం’ అంటుంది. దాన్ని పోతపోసిన పద్ధతి ఏంటంటే, మైనంతో బొమ్మ చేసి, మట్టి పొదిగి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోయడం.

జైనూర్ మండలం ఉషేగాం పోండి. ఆసిఫాబాద్ వైపు కేస్లాగూడ పోండి. మన ఓజా పెద్దలు ఇప్పటికీ ఆ పద్ధతిలోనే బొమ్మ పోస్తున్నారు. మొహెంజొదారోది కంచు, మనది ఇత్తడి, అంతే తేడా. పద్ధతి ఒకటే అయినప్పుడు అది శిల్పం ఎట్లయింది, ఇది ‘హస్తకళ’ ఎట్లయింది? అది చేసినవాళ్లు చనిపోయారు, ఇది చేసినవాళ్లు బతికున్నారు, మన గూడెంలో ఉన్నారు, అందుకేనా? శిల్పం అంటే మ్యూజియంలో అద్దాల పెట్టె, హస్తకళ అంటే మేళాలో రేకుల స్టాలు. ఆ మాటను బట్టే చోటు మారుతుంది, ధర మారుతుంది, చేసిన మనిషికి ఇచ్చే మర్యాద మారుతుంది.

అందుకే రేపు మీ మొదటి పని, ఈ బొమ్మ ఎట్ల తయారవుతుందో వచ్చినవాళ్లకు సరిగ్గా చెప్పడం. ఓజా పెద్దలు పక్కనే కూర్చుంటారు, వాళ్లే చెప్తారు. కానీ హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు, కాలేజీ పిల్లలకు మీరు మధ్యలో మాట అందించాలి. అందుకని ఇంకోసారి చెప్తున్నా, గుర్తుపెట్టుకోండి.

మెత్తటి మట్టితో లోపలి ఆకారం చేస్తారు. ఏనుగు కావాలంటే ఏనుగు ముద్ద, గంట కావాలంటే గంట ముద్ద. అది ఆరాక మైనం పని. మైనాన్ని సన్నటి తీగల్లాగా తీసి, ఆ మట్టి ముద్ద చుట్టూ వరసగా, సందు లేకుండా చుడతారు. బొమ్మ మీద దారం చుట్టినట్టు కనబడే గీతలన్నీ ఆ మైనపు తీగలే. కళ్లు, చెవులు, నగలు అన్నీ ముందు మైనంలోనే పుడతాయి. దాని మీద మళ్లీ మెత్తటి మట్టి పూత, అది ఆరాక గట్టి మట్టి పూత. లోహం పోయడానికి ఒక దారి వదులుతారు. తర్వాత నిప్పు. వేడికి మైనం కరిగిపోతుంది. అది వదిలిన సందులోకి కరిగిన ఇత్తడి పోతుంది. చల్లారాక పైమట్టిని పగలగొడతారు. బొమ్మ బయటికొస్తుంది.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పండి. అచ్చు పగిలిపోతుంది. ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. పక్కపక్కన పెట్టిన రెండు నెమళ్లు ఒకేలా కనబడొచ్చు, కానీ రెండూ ఒకటి కావు. రెండోదానికి మళ్లీ మొదటి నుంచి మట్టి, మళ్లీ మైనం, మళ్లీ నిప్పు. పోసేటప్పుడు లోపల ఎక్కడైనా గాలి ఆగిపోతే బొమ్మకు చిల్లు పడుతుంది, అన్ని రోజుల పనీ పోతుంది. ఎవరన్నా వచ్చి “ఇంత చిన్నదానికి ఇంత రేటా?” అంటే కోపం తెచ్చుకోవద్దు. ఈ మాట నిదానంగా చెప్పండి. అర్థం చేసుకునేవాళ్లు చేసుకుంటారు.

ఇక రెండో విషయం, పేరు.

సిటీలో ఒక పెద్ద ప్రదర్శనకు పోయినప్పుడు మన ఇత్తడి బొమ్మలు ఒక వరసలో పెట్టి ఉన్నాయి. కింద చీటీ మీద ‘ట్రైబల్, ఇత్తడి’ అని రాసి, ధర వేశారు. చేసిన మనిషి పేరు లేదు, ఊరు పేరు లేదు. అదే హాల్లో ఇంకో గదిలో కాన్వాస్ బొమ్మలకు మాత్రం ఆర్టిస్టు పేరు, పుట్టిన ఊరు, ఫొటో అన్నీ ఉన్నాయి. మీలో చాలామంది ఇలాంటివి చూసే ఉంటారు. మన బొమ్మ చేసింది ‘ఒక జాతి’ అంట, వాళ్ల బొమ్మ వేసింది ‘ఒక మనిషి’ అంట. జాతికి డబ్బు ఇవ్వాల్సిన పని లేదు, అడిగి తీసుకోవాల్సిన పని లేదు. మనిషికైతే రెండూ చేయాలి. పేరు తీసేయడంలో ఉన్న లాభం అదే.

దీనికి ఎదురు కథ ఒకటి ఉంది. మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అని ఒక ఊరు. అక్కడ జన్‌గఢ్ సింగ్ శ్యాం అని పర్ధాన్ కుర్రాడు ఉండేవాడు. మన పర్ధాన్‌లు కిక్రి వాయిస్తూ గోండు వంశాల కథలు పాడినట్టే అక్కడి పర్ధాన్‌లు బానా వాయిస్తూ పాడతారు. అంటే మనకు దూరం వాళ్లు కాదు. 1980ల మొదట్లో భోపాల్‌లో భారత్ భవన్ కడుతున్నప్పుడు, చిత్రకారుడు జె. స్వామినాథన్ ఊళ్లలోకి యువకుల బృందాలను పంపించారు. వాళ్లు ఇంటి గోడ మీద జన్‌గఢ్ వేసిన బొమ్మలు చూసి ఆయన్ని భోపాల్ తీసుకొచ్చారు. 1982లో భారత్ భవన్ తెరిచారు. అక్కడ ఆదివాసీల పనిని, పట్నం చిత్రకారుల పనిని ఒకే కప్పు కింద సమానంగా పెట్టారు. 1989కి జన్‌గఢ్ బొమ్మలు పారిస్ ప్రదర్శన దాకా పోయాయి. ఆయన వెనక ఆయన చుట్టాలు, ఊరివాళ్లు ఎంతమందో బ్రష్ పట్టారు. ఇవాళ మార్కెట్లో ‘గోండ్ ఆర్ట్’ అంటున్నదంతా ఆ ఒక్క మనిషి దారిలో నడిచిందే. అందుకే దాన్ని ‘జన్‌గఢ్ కలమ్’ అని కూడా పిలుస్తారు. పేరు నిలబడితే ఇంత జరుగుతుంది.

కానీ ఆ కథ అక్కడితో ఆగలేదు. 2001లో జన్‌గఢ్ జపాన్‌లోని ఒక మ్యూజియంలో బొమ్మలు వేయడానికి పోయి, అక్కడే ప్రాణం తీసుకున్నారు. శవమే ఇంటికొచ్చింది. ఆ వయసులో, అంత పేరొచ్చాక, ఇంటికి అంత దూరంలో. పేరొక్కటే మనిషిని కాపాడదని ఆ చావు చెప్తుంది. ఏ షరతుల మీద పోతున్నాం, ఎన్ని రోజులకు, ఎంతకు, ఎప్పుడు తిరిగొస్తాం, మన పక్కన ఎవరుంటారు అనేవి కాగితం మీద ఉండాలి. రేపు ఎవరైనా వచ్చి మన ఓజా అన్నను “మా దగ్గరికి రండి, మూడు నెలలు పని చేయండి” అంటే, అడ్డం పడకండి. పోవాలో వద్దో ఆయన ఇష్టం. కానీ ఆ కాగితం చదివి, మన భాషలో చెప్పి, కాపీ ఆయన చేతికి ఇప్పించే బాధ్యత డిగ్రీ చదివిన మనది. మన చదువు పనికొచ్చే చోటు అది.

మూడో విషయం కొంచెం కష్టమైనది. దీని మీద మన మధ్యే వాదన నడుస్తోంది కాబట్టి అందరి ముందే మాట్లాడుతున్నా.

మొన్న ఒకాయన ఫోన్ చేశాడు. ప్రదర్శనలో గుస్సాడీ టోపీ పెడతారా, పెడితే కొంటాం, ఎంతైనా పర్లేదు అన్నాడు. దేవుడి విగ్రహం, అది కూడా పాతది, పూజలో ఉన్నది దొరుకుతుందా అని అడిగాడు. మన తమ్ముళ్లలో కొందరు “పెడదాం అన్నా, అమ్మకుండా చూపిద్దాం, జనం అదే చూడ్డానికి వస్తారు” అంటున్నారు. వాళ్ల మాటలో తప్పుడు ఉద్దేశం లేదు. మన సంస్కృతి పది మందికి తెలియాలనే వాళ్ల ఆశ.

అయితే ఆలోచించండి. ఆ నెమలి పింఛాల టోపీ దీపావళికి దండారి మొదలైనప్పుడు పూజ చేసి తీస్తారు. గుస్సాడీ వేషం కట్టినవాళ్లు దీక్షలో ఉంటారు, దీక్ష ముగిసేదాకా స్నానం కూడా చేయరు. కోలబోడితో ముగుస్తుంది. తర్వాత ఆ టోపీ మళ్లీ వచ్చే ఏడాది దాకా పెద్దల దగ్గర భద్రంగా ఉంటుంది. పెర్సాపెన్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ వస్తువులు ఎప్పుడు పడితే అప్పుడు బయటికి తీసేవి కావు. ఓజా పెద్దలు దేవుడికి పోసిన గంటను, అమ్మకానికి పోసిన గంటను ఒకేలా చూడరు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండొచ్చు. మనకు మాత్రం ఆ తేడా తెలిసి ఉండాలి.

అలాగని మనది ఏదీ బయటికి పోవద్దని నేను అనడం లేదు. మార్లవాయి కనకరాజు గారు గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకుపోయారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో మనల్ని వదిలి వెళ్లారు. ఆయన ఆడినప్పుడు ఎవరూ దాన్ని తక్కువ చూడలేదు, ఎందుకంటే ఏది చూపించాలో, ఎట్ల చూపించాలో తెలిసిన మనిషి ఆయన. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. దానికీ, ఎవరో సారు వస్తున్నాడని ఎండలో రోడ్డు పక్కన మన పిల్లలకు ఈకలు కట్టి నిలబెట్టడానికీ చాలా తేడా ఉంది. మొదటిదాంట్లో నిర్ణయం మనది, రెండోదాంట్లో మనం అలంకారం.

కాబట్టి నా మాట ఇది. దీన్ని మనం నలుగురం కూర్చుని తేల్చొద్దు. పటేల్ దగ్గరికి, కటోడా దగ్గరికి, పెద్దల దగ్గరికి పోయి అడుగుదాం. వాళ్లు వద్దంటే ఆ చోటు ఖాళీగానే ఉంచుదాం. అక్కడ ఒక చిన్న చీటీ పెడదాం: “ఈ వస్తువు దాని కాలంలో, దాని చోట ఉంది. అందుకే ఇక్కడ లేదు.” మ్యూజియాలకు పోతే మన దేవతలు అద్దాల వెనక కనబడతారు. అవి ఎవరు ఇచ్చారు, ఎవరిని అడిగి తెచ్చారు అని చీటీ మీద ఉండదు. మన కేంద్రంలో ఒక ఖాళీ బల్ల ఉంటే, చూసినవాళ్లకు ఆ ప్రశ్న తగులుతుంది. సీతంపేట కొండల్లో సవరలు ఇంటి గోడ మీద వేసే బొమ్మ కూడా మొదట దేవతల కోసం, పెద్దల ఆత్మల కోసం వేసింది. అది ఫ్రేమ్‌లోకి వచ్చింది, సంచుల మీదికి వచ్చింది. దాంతో కొంతమందికి కూడు దొరుకుతోంది, అది మంచిదే. ఏది గోడ మీదే ఉండాలో, ఏది సంచి మీదికి రావచ్చో సవరలే చెప్పాలి. మన దగ్గర మనమే చెప్పాలి.

నాలుగోది, చట్టం. విసుగ్గా ఉంటుందని తెలుసు, కానీ మైనం ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచిస్తే మీకే పట్టు దొరుకుతుంది.

మైనం తేనెపట్టు నుంచి వస్తుంది. తేనెపట్టు అడవిలో ఉంటుంది. వెదురు అడవిలో ఉంటుంది. కొలిమికి కట్టె, మట్టి కూడా ఊరి చుట్టూ ఉన్న నేల నుంచే. అడవిలోకి పోతే కేసు పెడతారనే భయం ఉన్న ఊళ్లో, ఇత్తడి బొమ్మలకు ఎన్ని అవార్డులిచ్చినా ఏం లాభం? 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో వెదురు, తేనె, మైనం, లక్క పేర్లు రాసి ఉన్నాయి. వాటిని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు సెక్షన్ 3(1)(సి) కింద మనది. అభయారణ్యాలు, నేషనల్ పార్కులు కూడా ఆ చట్టం చెప్పే అటవీ భూమిలోకే వస్తాయి. అదే సెక్షన్‌లో (కె) చదవండి. సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద సముదాయానికి హక్కు ఉందని రాశారు. పోడు పట్టా గురించి అందరం మాట్లాడతాం, మాట్లాడాలి. ఈ (కె) గురించి మన సభల్లో ఎవరూ ఎత్తరు. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) అయితే సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారం గ్రామసభకు ఉందని చెప్తుంది. గుస్సాడీ టోపీ ప్రదర్శనలో పెట్టాలా వద్దా అని గ్రామసభ తీర్మానం చేయొచ్చు. అది మన చేతిలో ఉన్న పని.

ఇంకొకటి. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. పేపర్లో చదివి సంబరపడ్డాం. జీఐ అంటే ఏంటి? ఆ పేరు ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసినదానికే వాడాలి. వేరే ఊళ్లో మిషన్ మీద పోసి ‘ఆదిలాబాద్ డోక్రా’ అని అమ్మితే అది నేరం. ఆ హక్కును ఎవరూ అమ్ముకోలేరు, ఇంకొకరికి రాసివ్వలేరు. ఇంతవరకు బాగుంది. కానీ జీఐ వచ్చినంత మాత్రాన ప్రతి కళాకారుడికీ అది చేతికి రాదు. ఒక్కొక్కరు ‘అధీకృత వినియోగదారు’గా విడిగా నమోదు చేసుకోవాలి. పదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. ఫారాలు ఇంగ్లీషులో, ఆఫీసు చెన్నైలో. అక్కడే మనోళ్లు ఆగిపోతారు. ఈ మూడు రోజుల్లో ఒక బల్ల దీనికే కేటాయిద్దాం. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఇద్దరు కూర్చోండి. ఈ హాల్లో ఉన్న ప్రతి ఓజా కళాకారుడిని అడగండి, నమోదు అయిందా లేదా. కాకపోతే కాగితాలు మొదలుపెట్టండి. ప్రదర్శన అయ్యాక మిగిలేది ఫొటోలు మాత్రమే కాకూడదు.

ఇప్పుడు రేపటి పని చెప్తాను. రాసుకోండి.

ప్రతి వస్తువు దగ్గర చీటీ ఉండాలి. ముందు చేసినవాళ్ల పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో. వస్తువు పేరు ముందు మన భాషలో: గోండువాళ్లది గోండీలో, కొలాంవాళ్లది కొలామీలో. తర్వాత తెలుగు. గుంజాల గోండీ లిపి వచ్చినవాళ్లు ఆ లిపిలో కూడా రాయండి. నార్నూర్ మండలం గుంజాలలో పెద్దలు దాచిన లిపి అది, 2018లో యూనికోడ్‌లో చేరింది, ఇప్పుడు ఫోన్లోకి వస్తుంది. మనమే వాడకపోతే ఎవరు వాడతారు? పేరు వద్దు అని ఎవరన్నా అంటే బలవంతం చేయొద్దు.

ధర చేసినవాళ్లు చెప్తారు. మనం తగ్గించం, పెంచం. అమ్మిన ప్రతిదీ పుస్తకంలో రాయాలి, డబ్బులు ఆ సాయంత్రమే వాళ్ల చేతిలో పడాలి. కేంద్రానికి కమీషన్ లేదు. హోల్‌సేల్ అడిగినవాళ్లను నేరుగా కళాకారుల దగ్గర కూర్చోబెట్టండి, పక్కన మనలో ఒకరు ఉండండి.

కళాకారులు కుర్చీలో కూర్చుంటారు. వచ్చినవాళ్లు నిలబడి చూసే నేల మీద కాదు. ఫొటో తీసేముందు అడగాలి అని గుమ్మం దగ్గరే చెప్పండి. అతిథి ఎవరు వచ్చినా స్వాగత డాన్సులు లేవు. సాయంత్రం మన కోసం మనం ఆడతాం, ఉండాలనుకున్న అతిథి ఉండొచ్చు.

ఆఖరిది, పిల్లలు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ఆశ్రమ పాఠశాల పిల్లలు వస్తారు. ఓజా పెద్దలు వాళ్లకు మైనపు తీగ తీయడం నేర్పుతామన్నారు. కొలాం అక్కలు వెదురు చీల్చడం చూపిస్తామన్నారు. ఈ మూడు రోజుల్లో అన్నిటికంటే ముఖ్యం అదే. ఓజా ఇళ్లలో పిల్లలు కూలికో, సిటీకో పోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం, ఇత్తడి కిలో రేటు తెలిసినవాళ్లెవరూ తప్పుపట్టరు. చేతిలో కాస్త డబ్బు, మనసులో కాస్త గౌరవం ఉంటే కొందరైనా ఆగుతారు. ఆగినవాళ్ల దగ్గర ఇంకొందరు నేర్చుకుంటారు. ఎంతమంది అని నేను మాట ఇవ్వలేను.

“ఇన్ని షరతులు పెడితే ఎవరొస్తారన్నా?” అని పొద్దున ఒక చెల్లె అడిగింది. మంచి ప్రశ్న. కొందరు రారు. పాత విగ్రహం కోసం ఫోన్ చేసినాయన రాడు. పోనీ. వచ్చినవాళ్లు మాత్రం ఒక మనిషి పేరు తెలుసుకుని పోతారు, ఆ మనిషి ఊరు తెలుసుకుని పోతారు, ఆ ఊరికి అడవి మీద హక్కు ఎందుకు కావాలో కొంచెం అర్థం చేసుకుని పోతారు. అంత చాలు మొదటి ఏడాదికి.

ఇది చదువుతున్న మీకు కూడా ఒక పని. మీ ఇంట్లో, మీ ఊళ్లో ఏదైనా మన చేతిపని ఉంటే, దాన్ని ఎవరు చేశారో ఇవాళే అడిగి రాసిపెట్టండి. అవ్వ ఉన్నప్పుడే అడగండి. ఈసారి మీ మండలంలో మేళా పెట్టినప్పుడు ఆ రాసిన కాగితం తీసుకుపోయి, చీటీ మీద ఆ పేరు వేయమని అడగండి. వేయకపోతే వస్తువు ఇవ్వకండి.

జల్, జంగల్, జమీన్ మనవని కుమురం భీం చెప్పాడు. మైనం ఆ జంగల్‌ది, మట్టి ఆ జమీన్‌ది. వాటితో చేసిన బొమ్మ ఎవరిదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇక లేవండి. చీటీలు రాయడం మొదలుపెడదాం, అక్షరాలు బాగున్నవాళ్లు ముందుకు రండి.

జోహార్. జై సేవ.